కలం పట్టిన కుడి చెయ్యి

2020 మార్చి 17, మంగళవారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకి నేను హానోవర్‌లో మ్యూజియం తలుపు ముందు ఉన్నాను. పది గంటలకి తెరుస్తారు. ఇరవై నిమిషాలు ముందు వెళ్ళడం నా అలవాటు. ఎడమ చేతిలో రంగుల పెట్టె, కుడి చేతిలో గాడి పెట్టె. గాడి పెట్టె అంటే తడి ఆరని బొమ్మను మోసుకెళ్ళేందుకు లోపల గాడులు తీసిన చెక్కపెట్టె. అంచులు తప్ప బొమ్మకి ఏదీ తగలదు. తలుపు అద్దానికి లోపలివైపు ఒక కాగితం అతికించి ఉంది. మళ్ళీ చెప్పేవరకు మూసి ఉంటుందని నాలుగు వరుసలు. పది గంటల ఐదు నిమిషాల వరకు నిలబడి, ట్రాము ఎక్కి ఇంటికి వచ్చేశాను.

లోపల, కిటికీలేని గోడ మీద ఉన్న ఒక డచ్చి బొమ్మకి నేను నకలు తీస్తున్నాను. ఒక ముసలి భక్తుడు బల్ల ముందు ఒంటరిగా కూర్చుని రాస్తుంటాడు. ఎదురుగా తెరిచిన గ్రంథం, పక్కన పుర్రె, ఇసుక గడియారం. వెలుగు ఎడమవైపు పైనుంచి పడి నుదుటిని, పుస్తకాన్ని, కుడి చేతిని మాత్రమే చూపిస్తుంది. మిగతాదంతా గోధుమరంగు చీకటి. వేసినవారి పేరు తెలియదు. హాలండ్ వైపు, పదిహేడో శతాబ్దం అని మాత్రం పక్కన చిన్న పలక మీద ఉంటుంది. అక్కడ మతసంస్కరణ వచ్చి చర్చి గుళ్ళలోంచి బొమ్మలు తీసేశాక ఇటువంటి ఒంటరి భక్తుల బొమ్మలు చిన్నవిగా వేయించుకుని ఇళ్ళలో పెట్టుకునేవారట. నేను పుట్టిన గోదావరి వైపు మా మిషను గుడిలోనూ గోడలు వట్టి సున్నం తెలుపే. బొమ్మ ముందు కూర్చోవడం నాకు డెబ్భయ్యో ఏట కొత్తగా వచ్చింది.

నకలు అసలు కొలతలో ఉండకూడదని మ్యూజియం నియమం. అసలు అరవై సెంటీమీటర్ల ఎత్తు, యాభై వెడల్పు. నేను ఐదో వంతు తగ్గించి నలభై ఎనిమిది, నలభై పెట్టుకున్నాను. అనుమతి ఇరవై రోజులకి, వారానికి ఒక్క మంగళవారం. 2019 నవంబరు 19 నుంచి పదిహేను రోజులు వాడుకున్నాను. ఐదు మిగిలాయి. ఆ ఐదూ కుడి చేతి కోసం అట్టే పెట్టినవి.

చెయ్యి గురించి ఇంత పట్టింపు ఎందుకో చెప్పాలి. నేను జర్మనీకి 1976లో మావారితో వచ్చాను. ముప్పై ఒక్క సంవత్సరాలు ఒక మందుల షాపు వెనక గదిలో పనిచేశాను. లేపనాలు నూరడం, తూచడం, సీసాల మీద తారీకు వెయ్యడం నా పని. రిటైరయ్యాక సాయంత్రం క్లాసుల్లో నూనెరంగులు నేర్చుకున్నాను. గాజు పలక మీద రంగు మట్టిని నూనెతో నూరడం నాకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. లేపనం నూరిన చెయ్యే. కానీ మొదలుపెట్టిన బొమ్మల్లో నాలుగు చేతుల దగ్గరే ఆగిపోయాయి. ముఖం ఎలాగో వస్తుంది, బట్ట వస్తుంది. చెయ్యి మాత్రం చేతి తొడుగులా ఉబ్బిపోతుంది. మావారు 2014లో పోయారు. పోయేముందు కూడా, "ఆ నాలుగింటికీ చేతులు ఎప్పుడొస్తాయే?" అని అడిగారు. ఇది ఐదోది. ఒక్క బొమ్మయినా పూర్తి చెయ్యాలని ఉండేది.

పాత డచ్చివారి పద్ధతిలో చర్మం ఒక్క పూతలో రాదు. ఓక్ పలక మీద సుద్ద, చర్మపు జిగురు కలిపి పూసి నున్నగా అరగదీయాలి. దాని మీద పలుచని గోధుమ పూత. ఆ పైన గీత. తరువాత బూడిదరంగులో వెలుగునీడలు మాత్రమే వేస్తారు. దీన్ని వాళ్ళు చచ్చిన రంగు అంటారు. నిజంగానే శవం చెయ్యిలా ఉంటుంది. అది ఎండాక మాంసపు రంగు, అది ఎండాక ఇంకొకటి, చివర కింది రంగు కనబడేంత పలుచగా మంజిష్ఠ ఎరుపు అద్దకం. వెలుగు పడినచోట మందంగా, నీడలో పలుచగా. కింది పూత కంటే పై పూతలో నూనె ఎక్కువ ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, కిందిది ఎండేవరకు పైది వెయ్యకూడదు. వాళ్ళు వాడిన సీసపు తెలుపు త్వరగా ఎండుతుంది. అది విషం కనుక ఇప్పుడు నాలాంటివాళ్ళకి అమ్మరు. నేను టైటానియం తెలుపులో సుద్ద కలిపాను. అది నిదానం. అందుకని నేను చూసుకునే నూనెరంగుల పుస్తకంలో చెప్పిన రోజులకి రెట్టింపు వేసుకున్నాను. ఆ లెక్క నేను తప్పలేదు.

మార్చి 17 నాటికి ముఖం, బట్ట, పుస్తకం, పుర్రె అన్నీ అయిపోయాయి. చెయ్యి బూడిదరంగు దగ్గర ఉంది.

మా మేడ మీద వాటాలో హైదరాబాదు నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి, అతని భార్య ఉండేవారు. అతని తండ్రి జనవరిలో మూడు నెలల వీసా మీద చూడవచ్చారు. విమానాలు ఆగిపోయి ఇక్కడే చిక్కుకుపోయారు. డెబ్భై ఆరేళ్ళు, తెల్ల గడ్డం, సన్నని మనిషి. మార్చి 30, సోమవారం, నేను మెట్ల కిటికీ దగ్గర వెలుతురులో బొమ్మను పట్టుకుని చూసుకుంటుంటే ఆయన పైమెట్టు మీద ఆగారు. ముక్కుకి చేతిరుమాలు కట్టుకున్నారు.

"ఈ సాబ్ ఎవరు?" అన్నారు తెలుగులోనే.

"ఒక భక్తుడండీ. గ్రంథం రాస్తున్నాడు."

ఆయన కళ్ళజోడు సరిచేసుకుని ఒక నిమిషం చూశారు. "రాస్తలేడు చెల్లె. ఫోటోకు కూసున్నడు."

నాకు కోపం వచ్చింది. నాలుగు వందల ఏళ్ళనాటి బొమ్మ అన్నాను.

"అయితే నాలుగు వందల ఏండ్ల సంది రాస్తలేడు. కలం అట్ల పడితే సిరా కారి కాయితం ఖరాబైతది. చిటికెన వేలు చూడు, గాలిల ఉన్నది. రాసెటోని చిటికెన వేలు కాయితం మీద ఉంటది. చెయ్యి దాని మీదనే నడుస్తది."

ఆయన ఉర్దూ పత్రికలో కాతిబ్. అంటే కంప్యూటర్లు రాకముందు పత్రిక మొత్తం చేత్తో రాసి అచ్చుకి పంపినవారిలో ఒకరు. ముప్పై ఎనిమిది సంవత్సరాలు రోజుకి రెండు పేజీలు. తెలుగు ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, "మా ప్రెస్సు బాజూకు తెలుగు ప్రెస్సు ఉండె. వాళ్ళతోని చాయ్ తాగుకుంట నేర్చిన. బూతులు ముందు వచ్చినై, అక్షరాలు తర్వాత" అన్నారు.

మర్నాడంతా ఆలోచించాను. నకలు నకలుగానే ఉండాలని నాకు పట్టుదల. కానీ అసలు తలుపు వెనక ఉంది, ఎప్పుడు తెరుస్తారో తెలియదు, నా దగ్గర ఉన్న అచ్చు కాగితంలో ఆ చెయ్యి గోరంత. పైమెట్టు మీద ముప్పై ఎనిమిదేళ్ళు రాసిన చెయ్యి ఉంది. బుధవారం ఉదయం పైకి వెళ్ళి, గుమ్మానికి ఇవతలే నిలబడి అడిగాను.

"మీ చెయ్యి కాస్త ఇస్తారా అన్నయ్యగారూ? వారానికి రెండు రోజులు, నలభై నిమిషాలేనండి. కదలకుండా కూర్చోవాలండి."

"ఇన్ని అండీలు పెడితే మాస్క్ తడుస్తది చెల్లె." తరువాత షరతు చెప్పారు. "ముఖం వద్దు. ముఖం వాళ్ళదే ఉండనీ. రేపు పైకి పోయినంక ముఖం గీసినవ్ గద, జీవం పొయ్యి అని పైనున్నోడు నిన్ను అడుగుతడు, నువ్వు పరేషాన్ అయితవ్. చేతికి ఏమడుగుతడు? రాయమంటడు. అది రాస్తది. ఫోటో కూడ తీయొద్దు. నీ కండ్లతోని చూసుకో."

ఒప్పుకున్నాను. ఆయన జీవితంలో పాస్‌పోర్టుకి, వీసాకి తప్ప ఫోటో దిగలేదని కొడుకు తరువాత చెప్పాడు.

"మరి నాకేమిస్తవ్?" అన్నారు ఆయన.

"మీకేం కావాలండి?"

"ఆవకాయ. మా ప్రెస్సు దగ్గర తెలుగాయన ఇంట్ల నుంచి తెచ్చెటోడు. ఆయన పోయినంక అట్లాంటిది దొరకలె."

మామిడికాయలు దొరికితే పెడతానన్నాను.

మొదటి రోజు 2020 ఏప్రిల్ 2, గురువారం, ఉదయం పది గంటలు. మా వాటాకీ పై వాటాకీ మధ్య మెట్ల మలుపులో ఉత్తరపు కిటికీ ఉంది. ఆయన అక్కడ కుర్చీలో, ఒడిలో పలక పెట్టుకుని. నేను మా గుమ్మం లోపల స్టాండు పెట్టుకుని. మధ్య దూరం టేపుతో కొలిచాను: రెండు మీటర్ల ముప్పై. నియమం మీటరున్నరే. ఆయన తన రెల్లు కలం, సిరాబుడ్డి ఇండియా నుంచి తెచ్చుకున్నారు. ఉత్తినే పట్టుకుని కూర్చోనన్నారు. నిజంగానే రాసేవారు. ఒకే వాక్యం, రోజూ అదే, నలభై నిమిషాల్లో పదకొండు పన్నెండుసార్లు. అర్థం అడిగితే, అది ఆనాటి పత్రికలో రోజూ మొదటి పేజీ కింద వేసే వరుస అని చెప్పారు. తప్పులు దొర్లితే క్షమించండి, రేపు సవరిస్తాం అని.

మొదటి నాలుగు రోజులు గీత మాత్రమే సరిచేశాను. పాత బూడిదరంగు చేతిని నున్నగా తోమి, కొత్త పట్టు గీసి, మళ్ళీ బూడిదరంగు వేశాను. చిటికెన వేలు కాగితం మీదికి దిగింది. దిగగానే భక్తుడు రాయడం మొదలుపెట్టాడు. నేను వేసినదే అయినా చూసి కాసేపు కుంచె కింద పెట్టాను.

మెట్ల మీద మనుషులు తిరిగేవారు. కింది వాటా జర్మన్ ఆమె మొదటివారం ముక్కు చిట్లించి, ఇది అనుమతి ఉన్న పనేనా అని అడిగింది. రెండోవారం నుంచి చెత్త సంచి పట్టుకుని అడుగుల చప్పుడు కాకుండా దిగేది. మాగ్డెబర్గ్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, బొమ్మ కోసం కరోనా తెచ్చుకుంటావా? ఇక్కడ టెర్మిన్ లేకుండా డాక్టర్ కూడా చూడట్లేదు" అని కేకలేసేది. టెర్మిన్ అంటే ముందుగా తీసుకునే అపాయింట్‌మెంటు. నేను దూరం ఎంతో చెప్పేదాన్ని. "టేపు పెట్టి కొలిచే ఉంటావులే" అనేది.

ఏప్రిల్ చివర్లో రంజాన్ మొదలైంది. ఆయన ఉపవాసం ఉన్నారు. కొడుకు వద్దంటే వినలేదు.

"అబ్బా, షుగర్ ఉన్నది. డాక్టర్ ఏమన్నడు?" అని పైనుంచి కొడుకు. అబ్బా అంటే వాళ్ళ భాషలో నాన్న.

"డాక్టర్ కాల్ల మీద నిలబడద్దన్నడు. కూసున్న కద."

ఉపవాసంలో మధ్యాహ్నానికి వేళ్ళు వణుకుతాయని ఉదయమే వచ్చేవారు. ఆ నెలలో చెయ్యి మారింది. ఎముకల మధ్య లోతు పెరిగింది, నరాలు పైకి తేలాయి. దాన్ని నేను వేశాను. పసుపుమట్టి, ఎర్రకావి, కొద్దిగా తెలుపు. నీడలో కింది బూడిదరంగును అలాగే వదిలేస్తే అదే నరం నీలం అవుతుంది. ఆ పద్ధతి పుస్తకంలో ఎన్నోసార్లు చదివాను. కళ్ళకి కనబడింది మాత్రం ఆ మే నెలలో. రెండో మాంసపు పూత మే 19, మే 21 తారీకుల్లో వేశాను. అప్పటికి పదిహేను సార్లు కూర్చున్నారు. ఇంక మిగిలింది ఒక్కటే రోజు పని: ఎర్ర అద్దకం, బొటనవేలి గోటి మీద వెలుగు. ఇరవై ఒక్క రోజులు ఎండనిచ్చి, జూన్ 11న ముగిద్దామని క్యాలెండర్లో గుర్తు పెట్టుకున్నాను.

మే 23, శనివారం, ఆసియా దుకాణం వాళ్ళు ఫోన్ చేశారు. పచ్చి మామిడికాయలు ఒక పెట్టె వచ్చాయని. మర్నాడు పండుగ. ఆయనకి ఆవకాయ పెట్టడానికి ఇంతకంటే మంచిరోజు ఏముంటుందనుకున్నాను. మా ఇంట్లో వంటకీ బొమ్మకీ ఒకటే గది. వంటిల్లు అందులోనే ఒక మూల. ఆవపిండి కొట్టాలి, కారం కలపాలి, మెంతులు వేయించాలి. ఆ పొడి గదంతా లేస్తుంది. తడి బొమ్మ మీద ఎర్రటి కారం, ఆవపిండి పడితే ఇక తీయలేం. అందుకని బొమ్మను గాడి పెట్టెలో పెట్టి, మూత వేసి, కింద కెల్లర్‌లో అంటే నేలమాళిగలో, నా సామాను గదిలోకి దింపాను. ఊరగాయ ఊరి, గదిలో ఘాటు పోయేవరకు అక్కడే ఉండనిద్దామనుకున్నాను. ఎండడానికి రోజులు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. రోజులు సరిగ్గానే లెక్కపెట్టాను. కెల్లర్‌లో చలి, తేమ, చీకటి. ఆ మూడింటినీ లెక్కలో వేసుకోలేదు.

ఆవకాయ రెండు కిలోలు అయింది. ఒక సీసా పైకి పంపాను. "ఆవాలు జర కమ్ అయినై" అని కబురు వచ్చింది. రెండో రోజుకి సీసా ఖాళీ అయి కిందికి వచ్చింది.

జూన్ 11, గురువారం, పది గంటలకి పెట్టె పైకి తెచ్చి తెరిచాను. చెయ్యి పసుపు పచ్చగా ఉంది. చెయ్యే కాదు, గ్రంథం కాగితాలు కూడా పాత వార్తాపత్రికలా పసుపెక్కాయి. అవిసె నూనె చీకట్లో పసుపెక్కుతుంది. మా అమ్మ కారప్పొడి కొట్టే అవిసె గింజల నూనే అది. దాని గుణాలన్నీ నాకు తెలుసనుకున్నాను. చిటికెన వేలి చివరతో అంచున తాకాను. వేలికి అంటింది. ఎండలేదు.

ఆయన అప్పటికే కుర్చీలో కూర్చుని కలం ముంచుతున్నారు.

"ఈరోజు వెయ్యనండి. ఎండలేదు. ఇంకొక వారం ఆగుదాం. పద్దెనిమిదో తారీకు."

"ఎండకపోతే ఏమైతది?"

"కింద తడి ఉండగా పైన వేస్తే పైపొర ముందు ఎండి ముడతలు పడుతుంది. పగులుతుంది."

"ఎప్పుడు?"

"నెలకో రెండు నెలలకో."

ఆయన నవ్వారు. "మాకు రాత్రి ఒంటిగంటకు ప్రెస్సు. అక్షరం బాగలేదని పేపర్ ఆపుతమా? ఉన్నదానితోని పంపెటోళ్ళం. రేపు సవరిస్తం అని కింద రాసెటోళ్ళం."

"నాది పేపరు కాదండి."

"అవును, నీది నాలుగు వందల ఏండ్లు ఉండాలె." అయినా లేవలేదు. నలభై నిమిషాలు కూర్చుని రాసి వెళ్ళారు. నేను కుంచె ముట్టుకోలేదు.

జూన్ 14, ఆదివారం, సాయంత్రం కొడుకు కిందికి వచ్చాడు. "ఆంటీ, స్పెషల్ ఫ్లైట్‌ల సీటు దొరికింది. ఎల్లుండే. ఫ్రాంక్‌ఫుర్ట్ పోవాలె. వీసా ఎక్స్‌టెన్షన్‌కు టెర్మిన్ ఇస్తలేరు, మల్ల దొరుకుతదో లేదో. అబ్బా మీకు చెప్పమన్నడు."

సోమవారం ఉదయం ఎనిమిదింటికే మెట్ల మలుపులో కుర్చీ చప్పుడైంది. తలుపు తీస్తే ఆయన కూర్చుని ఉన్నారు. "పదహారు సార్లు కూసున్న. పదిహేడోది ఇది. వేస్తే వెయ్యి, లేకుంటే ఊకె చూడు."

వేశాను. నా జీవితంలో ఎండని పూత మీద పూత వెయ్యడం అదొక్కసారే. మంజిష్ఠ ఎరుపు నూనెలో పలుచగా కలిపి కణుపుల మీద, గోళ్ళ చుట్టూ అద్దాను. వెలుగు ఒక్క చుక్క, బొటనవేలి గోటి మీద. ఆ రోజు నలభై నిమిషాలు కాదు, డెబ్భై నిమిషాలు కూర్చున్నారు. కలం గీసిన చప్పుడు మాత్రం. చివర నేను స్టాండు ఆయన వైపు తిప్పాను. ఆయన తన చెయ్యి చాచి, దూరం నుంచే, పక్కన పెట్టి చూసుకున్నారు.

"ఇప్పుడు రాస్తున్నడు," అన్నారు.

వెళ్ళేటప్పుడు కలం నా గుమ్మం ముందు పెట్టి వెళ్ళారు. వచ్చే ఏడాది మళ్ళీ వీసా తీసుకుని వస్తానని, అప్పటికి ఆవాలు సరిగ్గా వెయ్యమని కొడుకుతో చెప్పించారు. అరకిలో ఆవకాయ మూడు కవర్లలో కట్టి ఇచ్చాను.

ఆగస్టులో బొటనవేలి మొదట్లో చిన్న ముడత కనబడింది. సెప్టెంబరుకి మూడు వేళ్ళ కణుపుల మీదికి పాకింది. పసుపు తగ్గలేదు. బొమ్మను నేను పడకగదిలో, గోడవైపు తిప్పి పెట్టేదాన్ని, దుమ్ము పడకుండా. ప్రతి ఆదివారం తిప్పి చూసేదాన్ని. ఆ ముడత తప్ప నాకు ఇంకేమీ కనిపించేది కాదు. మందుల షాపులో లేపనం గడ్డకడితే పారేసి మళ్ళీ నూరేవాళ్ళం. ముప్పై ఒక్క సంవత్సరాలు అదే చేశాను. ఆయన వసంతంలో వస్తారు కదా, సరైన పూతలతో, సరైన రోజులిచ్చి మళ్ళీ వేస్తాను అనుకున్నాను.

2020 అక్టోబరు 6, మంగళవారం, ఉదయం పదకొండు గంటలకి సన్నని బ్లేడుతో ఆ చేతిని గీకేశాను. పైన అద్దకం, కింద రెండు మాంసపు పూతలు. మెత్తగానే ఉన్నాయి, సులువుగా వచ్చాయి. బూడిదరంగు గట్టిగా ఎండి ఉంది కనుక అక్కడ ఆగాను. గీకినదాన్ని తూచి, కాగితంలో చుట్టి పారేశాను.

ఆ చలికాలం పడకగదిలో రేడియేటర్ మరమ్మతు వచ్చి బొమ్మను దక్షిణపు కిటికీలో నిలబెట్టాను. ఇంకెక్కడా చోటు లేక. 2021 మార్చిలో ఒకరోజు చూస్తే గ్రంథం కాగితాలు తెల్లగా ఉన్నాయి. కెల్లర్‌లో పట్టిన పసుపంతా వెలుతురుకి పోయింది. చీకట్లో వచ్చిన పసుపు కిటికీలో పెడితే పోతుందని ఆ తరువాత పుస్తకంలో చూశాను. ఉంది. నేను గీత గీసుకున్న పేజీకి తరువాతి పేజీలో ఉంది.

అయితే చేతి పసుపు కూడా పోయేదన్నమాట. ముడత ఒక్కటే మిగిలేది.

ఆ ఏప్రిల్‌లో పైవాళ్ళ ఇంట్లో ఫోను రోజంతా మోగేది. హైదరాబాదులో ఆయనకి జ్వరం, తరువాత ఆయాసం. "ఆక్సిజన్ బెడ్ కోసం నలభై మందికి ఫోన్ చేసిన ఆంటీ," అని కొడుకు మెట్ల మీద చెప్పాడు. 2021 ఏప్రిల్ 27, మంగళవారం, ఇక్కడి సమయం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకి ఆయన పోయారు. మట్టి వెయ్యడం కూడా కొడుకు చూడలేదు. వెళ్ళడానికి వీల్లేదు. ఖననం ఇరవై నిమిషాల్లో అయిపోయిందని ఎవరో ఫోన్‌లో చెప్పారట.

మే 2, ఆదివారం, పదకొండు గంటలకి కొడుకు మా తలుపు కొట్టాడు. టేపు లేకుండానే మీటరున్నర దూరంలో నిలబడ్డాడు.

"ఆంటీ, ఒకటి అడగాలె. అబ్బా చెయ్యి మీ బొమ్మల ఉన్నదని చెప్పెటోడు. ఫోన్‌ల ప్రతి వారం చెప్పెటోడు. జర్మనీల నా చెయ్యి రాసుకుంట కూసున్నదిరా, చూసి రా అనెటోడు. నేనే పనిల పడి రాలె. మా దగ్గర పాస్‌పోర్టు ఫోటో తప్ప ఏం లేదు. ఒక్కసారి చూస్త."

బొమ్మను కిటికీలోంచి తెచ్చి గుమ్మంలో పెట్టాను. అతను చాలాసేపు చూశాడు.

"ఇది... రంగు వెయ్యలేదా ఆంటీ?"

"వేశాను. తీసేశాను."

"ఎందుకు?"

"ముడతలు పడ్డాయి బాబూ. ఎండకుండా వేశాను. పసుపెక్కింది. ఆయన వచ్చాక మళ్ళీ వేద్దామని."

అతను తల ఊపాడు. కోపం ఏమీ లేదు. తనతో తాను అన్నట్టు, "ముడతలంటే... అబ్బా చెయ్యి గట్లనే ఉండె కద ఆంటీ" అన్నాడు.



జ్ఞాపకం మీద మళ్ళీ వెయ్యగలనేమో చూస్తానన్నాను. కుంచె తీసుకుని ఆ వారం మూడు రోజులు కూర్చున్నాను. బొటనవేలు గుర్తుంది, నరాలు గుర్తున్నాయి. కానీ నా చెయ్యి వేస్తున్నది పాత తొడుగు చెయ్యినే. నాలుగో రోజు కుంచెలు కడిగేశాను. తడిగా ఉండగానే గుడ్డతో తుడిచాను. బూడిదరంగుకి ఏమీ కాలేదు.

మే 9, ఆదివారం, బొమ్మను, రెల్లు కలాన్ని పైకి తీసుకెళ్ళి ఇచ్చాను. బొమ్మకి వార్నిష్ వెయ్యలేదు. చెయ్యి బూడిదరంగులోనే ఉంది. చిటికెన వేలు కాగితం మీద ఉంది, కలం వాలు సరిగ్గా ఉంది. వెలుతురు తగిలే గోడకే పెట్టమని, చీకటి గదిలో పెట్టవద్దని చెప్పాను. అతను నా ముందే మేకు కొట్టాడు. కిటికీకి ఎదురు గోడ.

"పూర్తి అయినట్టేనా ఆంటీ?"

"కాలేదు బాబూ. ఉన్నదాన్ని ఇస్తున్నాను."

మ్యూజియం తరువాత తెరిచారు. మిగిలిన ఐదు రోజుల అనుమతికి గడువు తీరిపోయింది. కొత్త అనుమతి అడగలేదు. ఒకసారి టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి అసలు బొమ్మ ముందు నిలబడ్డాను. భక్తుడి చిటికెన వేలు గాలిలో ఉంది.

పోయినవి ఇవి.

మ్యూజియంలో రోజులు, ఐదు.

ఆయన కూర్చున్నది పదిహేడుసార్లు, మొత్తం ఏడు వందల పది నిమిషాలు.

పూతలు మూడు. తూకం ఎనిమిది వందల మిల్లీగ్రాములు.

పై వాటాలో పెద్దాయన.

చెయ్యి ఒకటి, కుడిది.